జేబులో నిమిడెడి పాత ఫిలిము కెమెరాలు

మన సీమయందు పెండ్లిపటమో, బడి జట్టుపటమో గోడకు వ్రేలాడని యిల్లు మిక్కిలి అరుదు. ఆ పటములను తీసిన యంత్రములు మాత్రము చాల యిండ్లలో మఱపున పడియున్నవి. కొన్ని బీరువా అడుగున, కొన్ని అటకమీది ట్రంకుపెట్టెలలో, తోలుసంచితో సహా పడియున్నవి. ఇటీవల కొన్ని యేండ్లుగా యువజనులు వానిని మరల వెదకి పైకి తీయుచున్నారు. చేతిలోని సెల్‌ఫోను అడిగినన్ని చిత్రములను ఉచితముగా తీయుచుండగా, 36 చిత్రములు మాత్రమే పట్టు ఫిలిము చుట్టను వెలపెట్టి కొని, పాతయంత్రములో నెక్కించి, కడుగుటకు దూరపు పట్టణమునకు పంపి, ఫలితము కొఱకు దినములకొలది వేచియుండుటలో వీరికి కలుగు లాభమేమి? ఇది వట్టి మోజా, లేక ఆ యంత్రములలో నిజముగా నమ్మదగిన గుణమేదైనను కలదా? ఈ ప్రశ్న విద్యార్థులు తఱచుగా అడుగునట్టిది. వారికిని, ఇంటిలో నట్టి యంత్రములు గల తలిదండ్రులకును ఉపయోగపడునట్లు మేమెఱిగినంత వఱకు ఇచ్చట వివరింపబూనితిమి.

మొదట ఈ చిన్న కెమెరాలు ఎట్లు పుట్టినవో చూతము. 1839 లో ఫ్రాన్సు దేశమున డాగెరు పద్ధతి ప్రకటింపబడినప్పుడు ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైనది. అప్పటి యంత్రము ముక్కాలిపై నిలుపవలసిన పెద్ద పెట్టె. చిత్రము మొదట వెండిపూత గల రాగిరేకుపైనను, తరువాతి కాలమున గాజుపలకపైనను పడుచుండెను. ఎదుట కూర్చున్నవారు ఊపిరి బిగబట్టి కదలకుండవలసి యుండెను. 1888 లో అమెరికా దేశస్థుడగు జార్జి ఈస్టుమన్ నూఱు చిత్రములకు సరిపడు చుట్టఫిలిము గల కొడాక్ పెట్టెను 25 డాలర్లకు అమ్మకమునకు తెచ్చెను. 1900 లో ఒక డాలరునకే బ్రౌనీ యను కెమెరా వచ్చెను. 1912 లో మడిచి జేబులో వేసికొనదగిన వెస్ట్‌పాకెట్ కొడాక్ వెలువడెను.

పిమ్మట జర్మనీలో వెట్జ్లర్ పట్టణమందలి లైట్జ్ కర్మాగారమున పనిచేయుచుండిన ఆస్కార్ బర్నాక్ అను యంత్రశిల్పి, సినిమాలకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిలిమును నిశ్చలచిత్రములకు ఉపయోగింపవచ్చునని తలచి, 24 మిల్లీమీటర్ల యెత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చిత్రములను తీయు చిన్న యంత్రమును నిర్మించెను. లైకా యను పేర అది 1925 లో లైప్జిగ్ నగరపు వర్తకప్రదర్శనమున లోకమునకు చూపబడెను. నేడు మన పెట్టెలలో దొరకు చిన్న కెమెరాలు చాలవఱకు ఈ కొలతనే అనుసరించినవి. 1966 లో హైన్స్ వాస్కె యను జర్మను శిల్పి కల్పించిన రోలై 35, 1967 లో జపాను దేశమున పుట్టిన ఒలింపస్ ట్రిప్ 35, ఈ జాతిలో ప్రసిద్ధములు. మొదటిదాని కటకము పెట్టెలోనికి ముడుచుకొనును. ముడిచిన పిమ్మట దానిని అఱచేతిలో దాచవచ్చును.

ఎంత చిన్నదైనను, ఎంత పెద్దదైనను కెమెరాలో నుండునవి నాలుగే వస్తువులు: వెలుతురు చొఱని చీకటిపెట్టె, వెలుతురును ఒకచోట చేర్చు కటకము, క్షణకాలము తెఱచుకొని మూసికొను షట్టరు, వెనుక ఫిలిము. కటకము నడుమ వెడల్పు తగ్గించుటకును హెచ్చించుటకును వీలైన రంధ్రమొకటి యుండును. పొలమునకు నీరు పెట్టునప్పుడు తూము ఎంత ఎత్తవలెనో, ఎంతసేపు ఎత్తియుంచవలెనో రైతు చూచుకొనునట్లే, రంధ్రమెంత వెడల్పు, షట్టరు ఎంత కాలము అను రెండు లెక్కలను ఛాయాగ్రాహకుడు చూచుకొనవలెను. వెలుతురు తక్కువైనచో చిత్రము చీకటియగును, ఎక్కువైనచో తెల్లబాఱును.

ఫిలిము పని రసాయనశాస్త్రమునకు సంబంధించినది. పలుచని పారదర్శకపు రేకుపై జెలటిను అను జిగురుపదార్థములో వెండిలవణముల సూక్ష్మకణములు పఱచియుండును. వెలుతురు సోకిన కణములలో కంటికి కనబడని మార్పు కలుగును. దీనినే గుప్తబింబ మందురు. డెవలపరు అను ద్రావకములో ముంచినప్పుడు మార్పు నొందిన కణములు నల్లని వెండిగా మాఱును. హైపోలో ముంచినప్పుడు తక్కిన కణములు కరగిపోవును. అందుచేత వెలుతురున్నచోట నలుపును, నీడయున్నచోట తెలుపును కనబడును. దానినే నెగటివు అందురు. దాని గుండ మఱియొకసారి వెలుతురును కాగితముపైకి ప్రసరింపజేసినప్పుడు నలుపు తెలుపులు తాఱుమాఱై యథార్థమైన పటము వచ్చును. రంగుల ఫిలిములో మూడు రంగులకు వేఱువేఱు పొరలుండును. చివరకు వెండి తొలగింపబడి రంగులు మాత్రము మిగులును. ఈ భేదమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. చక్కగా కడిగిన నలుపు తెలుపు నెగటివులో నుండునది వెండి గనుక అది చిరకాలము నిలుచును. రంగుల నెగటివు అంతకంటె త్వరగా వెలవెలబోవును.

ఫిలిము తనయందు పడిన బింబమును ఎంతకాలము దాచగలదు? దీనికి లోకమెఱిగిన నిదర్శనములు రెండు కలవు. స్వీడను దేశస్థుడగు ఆండ్రే 1897 లో ఇద్దఱు తోడివారితో బెలూనునెక్కి ఉత్తరధ్రువమునకు బయలుదేరి, మంచుప్రదేశమున మరణించెను. 1930 లో వారి కడపటి విడిది దొరకినది. 33 సంవత్సరములు మంచులో పడియున్న ఫిలిములను మెలకువతో కడుగగా 93 చిత్రములు తేలివచ్చినవి. కూలిన బెలూనును, దాని ప్రక్కన నిలిచిన మనుష్యులను నేటికిని మనము చూడవచ్చును.

రెండవది ఎవరెస్టు శిఖరమునకు సంబంధించినది. 1924 జూను 8 వ తేదీన మేలరీ, ఇర్విన్ అను నిరువురు ఆ శిఖరమువైపు పోయి మరల రాలేదు. వారియొద్ద వెస్ట్‌పాకెట్ కొడాక్ కెమెరా యుండెనని చెప్పుదురు. అది వారి తోడివాడగు హోవర్డ్ సోమర్వెల్ మేలరీకి ఎరువిచ్చినది. ఈ సోమర్వెల్ వైద్యుడు; మన దక్షిణదేశముననే తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రిలో చిరకాలము రోగులకు సేవచేసినవాడు. 1999 లో మేలరీ దేహము దొరకినది. 2024 లో ఇర్విన్ పాదము, పేరు కుట్టిన మేజోడుతో సహా కనబడినది. కెమెరా జాడ వీరిలో ఎవరియొద్దను తెలియలేదు. వారు శిఖరమును ముట్టిరో లేదో చెప్పగల సాక్షి ఆ జేబుకెమెరా యొక్కటే యని తలచి, పర్వతారోహకులు దానికై వెదకుచు వచ్చిరి. నూఱేండ్లనాటి ఫిలిమునుండి చిత్రము రావచ్చునను నాశ కలుగుటకు కారణము అది మంచులో నుండుటయే. చలియు, పొడితనమును ఫిలిమునకు మిత్రులు. వేడియు, చెమ్మయు శత్రువులు. మన కొల్లేటిసీమలో ఈ శత్రువులిద్దఱును కాపురమున్నారు. ఈ మాటకు మరల వత్తుము.

ఇక యంత్రముల నమ్మకమును గుఱించి చెప్పుదుము. పాతది గనుక గట్టిది అను మాట పూర్తిగా నిజము కాదు. పాత చిన్న కెమెరాలలో రెండు తెగలున్నవి. మొదటి తెగ స్ప్రింగులు, పండ్లచక్రములు, మీటలతో నడచునది. రెండవ తెగ విద్యుత్సూత్రములపై ఆధారపడినది. మొదటి తెగకు ఒలింపస్ ట్రిప్ 35 మంచి ఉదాహరణము. దీనికి బ్యాటరీ లేదు. కటకము చుట్టును బుడిపెలవంటి గాజుకట్టు, దాని వెనుక సెలీనియము పలక యుండును. వెలుతురు పడగానే ఆ పలకలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టి ఒక ముల్లును కదలించును. మనము మీటను నొక్కగానే యంత్రము ఆ ముల్లును పట్టుకొని, అది యున్న చోటునుబట్టి రంధ్రము వెడల్పును నిర్ణయించును. షట్టరునకు సెకనులో 40 వ వంతు, 200 వ వంతు అను రెండు వేగములలో తగినదానిని ఎన్నుకొనును. వెలుతురు చాలనప్పుడు కంటిగూటిలో ఎఱ్ఱని రేకు పైకి లేచును, మీట నొక్కబడదు, ఫిలిము వృథా కాదు. పసిపిల్లవాని చేతికిచ్చినను చెడని చిత్రమును తీయు నీ యంత్రము 1984 వఱకు తయారగుచుండెను.

ఈ తెగ యంత్రములు నేటికిని పనిచేయుటకు కారణము ఇంద్రజాలము కాదు. అందులోని భాగములు తక్కువ. అవి లోహముతో చేసినవి. చెడినచో విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి, మరల బిగింపవచ్చును. గడియారములు బాగుచేయువాని చేతినేర్పు దీనికి చాలవఱకు సరిపోవును. రెండవ తెగ యిట్టిది కాదు. 1977 లో వచ్చిన కోనికా సీ35 ఏఎఫ్ దూరమును తానే కొలుచుకొను మొదటి చిన్న కెమెరా. 1979 లో ఒలింపస్ సంస్థవారి మైటానీ కల్పించిన ఎక్స్ఏ చూడ ముచ్చటైనది. మూతను ప్రక్కకు జరుపగానే సిద్ధమగును. అయితే ఇట్టివానిలో షట్టరును నడపునది విద్యుత్సూత్రము. అది చచ్చినచో ఆ భాగము నేడు ఎచ్చటను క్రొత్తగా తయారుకాదు. చెడిన మఱియొక కెమెరానుండి ఊడదీసి వేయవలసినదే. కాబట్టి చౌకగా వచ్చినదని తొందరపడక, బ్యాటరీ లేకున్నను షట్టరు ఆడునా అని విద్యార్థులు ముందుగా అడుగవలెను.

మన దేశమున సామాన్యకుటుంబములకు కెమెరాను పరిచయము చేసినది ఆగ్ఫా క్లిక్ 3 అను యంత్రము. ఇది బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీసు వారిచే తయారయ్యెను. ఇది 35 మిల్లీమీటర్లది కాదు. వెడల్పు ఫిలిముపై 12 చదరపు చిత్రములను తీయును. దీనికి తోడుగా నీలగిరులలోని ఉదకమండలమున 1960 లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిలింస్ అను ప్రభుత్వసంస్థ 1967 నుండి ఉత్పత్తి ప్రారంభించి, ఇందు అను పేర నలుపు తెలుపు ఫిలిమును దేశమంతటికిని అందించెను. ఆ కర్మాగారము నేడు లేదు. 1980 దశకమునందు యాషికా ఎంఎఫ్ 2, తరువాతి దశకమునందు కొడాక్ కేబీ 10 మొదలగునవి వ్యాపించినవి. వీనిలో దూరమును సరిచేయు పనియే లేదు. కొన్ని అడుగుల కవతల నున్నదంతయు ఇంచుమించుగా స్పష్టముగ వచ్చును. మన తరగతులలోని బాలబాలికల తలిదండ్రుల చిన్ననాటి పటములు, పుట్టినరోజు పటములు, గుడి తిరునాళ్ళ పటములు ఎక్కువగా ఇట్టి యంత్రములతో తీసినవే. రంగుల ఫిలిమును కడుగు యంత్రములు పెద్ద పట్టణములలో మాత్రమే యుండుటచేత చుట్టను పంపి, పటములు వచ్చు దినము కొఱకు ఇల్లెల్ల ఎదురుచూచుచుండెడిది.

ఈ కెమెరాల లోపములను దాచుట న్యాయము కాదు. ఆటపాకలో చెట్లపై గూళ్ళు కట్టుకొను గూడబాతులను చిన్న కెమెరాతో తీసినయెడల, అవి పటముపై తెల్లని చుక్కలుగా కనబడును. దూరవస్తువులను దగ్గఱకు తెచ్చు కటకము దీనికి లేదు. రాత్రివేళ దీపపు వెలుతురులో ఇది కుంటుపడును. తీసినది బాగుగా వచ్చినదో లేదో అప్పుడే తెలియదు. ఒక చుట్ట వెలయు, కడుగుకూలియు కలిసి నేడు వేయి రూపాయలను మించుటయు కలదు. కనుక బిడ్డలు ఈ ముచ్చట తీర్చుకొనుటకై తలిదండ్రులను బాధింపరాదు. నలుగురు చేరి ఒక యంత్రమును, ఒక చుట్టను పంచుకొనుట మేలు. 1959 లో వచ్చిన ఒలింపస్ పెన్ వంటి సగము కొలత కెమెరాలు 36 చిత్రముల చుట్టపై 72 చిత్రములను తీయును. ఈ పద్ధతిని విడువక పెంటాక్స్ వారు 2024 లో పెంటాక్స్ 17 అను క్రొత్త ఫిలిము కెమెరానే విడుదల చేసిరి. దీనినిబట్టి ఈ కోరిక ఒక్క మన సీమ యువకులది మాత్రమే కాదని తెలియుచున్నది.

పాత యంత్రమును చేతికి తీసికొన్నప్పుడు పరీక్షింపవలసిన సంగతులు కొన్ని కలవు. ముందుగా లోపల ఫిలిము లేదని నిశ్చయపఱచుకొనవలెను. ఫిలిము వెనుకకు చుట్టు పిడిని మెల్లగా త్రిప్పినచో, లోపల చుట్ట యున్నయెడల బిగువు తెలియును. అట్లున్నచో మూత తెఱవరాదు. అందులో ఎవరి ముఖమున్నదో ఎవరికెఱుక? చుట్టను పూర్తిగా లోనికి చుట్టిన పిదప తీసి, పాత ఫిలిమును కడుగుటలో అనుభవము గలవారికి పంపవలెను. ఖాళీయని తేలిన తరువాత వెనుకమూతను తెఱచి, షట్టరును నొక్కి, కటకము గుండ వెలుతురు మెఱయుచున్నదో లేదో చూడవలెను. మూత అంచులందు నల్లని స్పంజి యుండును. అది యేండ్లు గడచినకొలది జిగురై కరగిపోవును. అందుండి వెలుతురు దూరి ఫిలిముపై చారలు పడును. దానిని గీకి, క్రొత్త స్పంజి గాని, నల్లని మందపు గుడ్డపీలిక గాని అతికింపవచ్చును. ట్రిప్ 35 విషయమున కటకమును చేతితో మూసి మీట నొక్కవలెను. ఎఱ్ఱరేకు లేచినచో మంచిది. పిమ్మట ఎండవైపు త్రిప్పి నొక్కినప్పుడు రంధ్రము చిన్నదైనచో సెలీనియము పలక ఇంకను జీవించియున్నదని అర్థము.

ఇప్పుడు మన చెమ్మమాట. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న ఈ సీమలో వర్షకాలమున గోడలు సైతము చెమర్చును. కటకములపై సాలెగూటి దారములవలె పెరుగు బూజు ఈ చెమ్మవలననే కలుగును. మొదట అది తుడిచిన పోవును. ఆలస్యమైనచో గాజుపై చెఱపరాని మచ్చ చేయును. తోలుసంచి చూచుటకు అందముగా నుండునుగాని, చెమ్మను పీల్చి నిలుపుకొనును. కెమెరాను దానినుండి తీసి, బిగుతుమూత గల డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచవలెను. ఆ పొట్లములు చెమ్మ పీల్చి రంగు మాఱినప్పుడు వేడిచేసి మరల వాడవచ్చును. బట్టలలో వేయు కలరా ఉండలను కెమెరాలతోను, ఫిలిములతోను చేర్చరాదు. అన్నిటికంటె మంచి మందు యంత్రమును నెలకొకసారి బయటకు తీసి, గాలి తగులనిచ్చి, షట్టరును పదిమాఱులు ఆడించుట. వాడుచుండిన తలుపు బిగియదు. వాడని తలుపు కీలు త్రుప్పు పట్టును.

చిత్రము తీయువిధమునందు ఒక చిన్న సూత్రము చాలకాలముగా ప్రసిద్ధమై యున్నది. నిర్మలమైన యెండలో రంధ్రమును ఎఫ్ 16 అను అంకెయొద్ద నుంచి, షట్టరువేగమును ఫిలిము వేగపు అంకెకు సమీపమున నుంచవలెను. 100 వేగము గల ఫిలిమునకు సెకనులో 125 వ వంతు, 200 వేగము గలదానికి 250 వ వంతు సరిపడును. మబ్బు కమ్మినకొలది రంధ్రమును పెద్దది చేయవలెను. నెగటివు ఫిలిము వెలుతురు ఎక్కువైనను ఓర్చుకొనునుగాని, తక్కువైనచో ఓర్వదు. కొల్లేటి యొడ్డున మఱియొక మెలకువ కావలెను. నీటిపై మెఱయు ఎండను చూచి కొలతముల్లు మోసపోవును. దోనెలో కూర్చున్నవాని ముఖము నల్లబడును. సూర్యుని మన వీపువైపున ఉంచుకొనుట దీనికి సులభోపాయము. దూరమును సూచించుటకు ట్రిప్ 35 కటకముపై ఒక మనిషి, ఇద్దఱు మనుష్యులు, గుంపు, కొండ అను నాలుగు బొమ్మలు చెక్కియుండును. మన సీమలో కొండ లేదు గనుక, ఆ గుర్తునకు ఆవలియొడ్డు అని అర్థము చెప్పుకొనవలెను.

ఈ యంత్రములయందలి ఆకర్షణమునకు మూలమేమి? వాని లోహపు చల్లదనము, మీట చప్పుడు, చక్రము త్రిప్పునప్పటి బిగువు చేతికి ఇంపైనవే. ఫిలిముపై రంగులు మృదువుగా నుండుటయు నిజమే. కాని మా యభిప్రాయమున ముఖ్యకారణము ఆ 36 అను అంకెయే. హద్దున్నచోట మనిషి ఎంచి చూచును. అమ్మమ్మగారిని వాకిట కూర్చుండబెట్టి ఒక్క చిత్రము తీయవలసినవాడు, ఆమె చీరకొంగు సరిదిద్దుకొనువఱకు ఆగును. వెనుక దండెముమీది బట్టలను తీయించును. ఎండ ఎటునుండి పడుచున్నదో చూచును. ఆమె కన్నులను చూచును. తీసిన పిమ్మట తెరను చూచుకొను పని లేదు గనుక ఆమెతో రెండు మాటలాడును. ఫోనుతో నిట్లు చేయరాదని కాదు. చేయుమని ఫోను మనలను నిర్బంధింపదు. చిన్న కెమెరాకు మఱియొక గుణము కలదు. అది ఎదుటివారిని బెదరింపదు. లైకాతో లోకమును చుట్టిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సన్, 1948 జనవరి 30 వ తేదీన గాంధీమహాత్ముడు హతుడగుటకు కొలది సేపటికి ముందే ఆయనను దర్శించెను. తరువాత జనసముద్రము నడుమ ఆయన యంత్యయాత్రను చిత్రించెను. ముక్కాలిపెట్టెతో అట్టిపని సాధ్యము కాదు.

ఇంతవఱకు యంత్రమును నమ్మవచ్చునా యని విచారించితిమి. ఇక నమ్మకము మనవైపు నుండికూడ కావలసియున్న సంగతి చెప్పవలెను. గత యేబదియేండ్లలో మన కొల్లేరు ఎంతగా మాఱినదో పెద్దలు చెప్పుదురు. బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు ఈ మంచినీటి సరస్సు చేపల చెఱువుల గట్లచే ముక్కలైనది. 1999 లో దీనిని వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. 2002 లో రామ్సర్ ఒడంబడిక పట్టికలో చేర్చిరి. 2006 లో ప్రభుత్వమువారు అనేకములగు చెఱువుగట్లను కొట్టివేయించిరి. ఈ మార్పులకు ముందు లంకలలోని ఇండ్లెట్లుండెను, దోనెలు ఎచ్చట ఆగుచుండెను, నీరు ఏ మెట్టువఱకు వచ్చుచుండెను అను సంగతులకు సాక్ష్యము ఎచ్చట నున్నది? ప్రభుత్వపు దస్తావేజులలో లెక్కలుండవచ్చును. కంటికి కనబడు సాక్ష్యము మాత్రము మన ట్రంకుపెట్టెలలోని పటములయందున్నది. పెండ్లికొడుకు వెనుక కనబడు తాటాకు చూరు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు పోవు పడవ, బిడ్డ నెత్తుకొన్న తల్లి వెనుక మెఱయు నీరు — వీనిని తీసినవారు సరస్సును చిత్రింపదలచి తీయలేదు. అయినను సరస్సు ఆ ఫిలిముపై పడియున్నది.

ఈ సాక్ష్యము నశించుచున్నది. పటములు జిగురుపుటల ఆల్బములకు అంటుకొని పసుపుబాఱుచున్నవి. వానిని అట్టివానినుండి తీసి మంచి కాగితపు కవరులలో నుంచవలెను. నెగటివులను పనికిరానివని పాఱవేయుచున్నారు; నిజమునకు పటముకంటె నెగటివే మూలధనము. వానిని అంచులు పట్టి ఎత్తవలెను, వ్రేలిముద్రలు పడనీయరాదు, నేలమీది పెట్టెలో గాక ఎత్తైన అఱలో, వేడి తక్కువైన గదిలో ఉంచవలెను. వఱదనీట తడిసి పటములు ఒకదానికొకటి అంటుకొన్నచో ఎండబెట్టి ఊడదీయ ప్రయత్నింపరాదు. జెలటిను ఊడివచ్చి ముఖములు పోవును. ఆలస్యము చేయక శుభ్రమైన చల్లని నీటిలోనుంచి మెల్లగా విడదీసి, నీడన ఆఱవేయవలెను. ఇక ఫోను నిచ్చట పగవాడు కాదు. తెల్లని వెలుతురు పలకపై నెగటివునుంచి ఫోనుతోనే నకలు తీసికొనవచ్చును. పాత యంత్రము తీసినదానిని క్రొత్త యంత్రముచే పదిచోట్ల భద్రపఱచుట వివేకము. నకలు వచ్చినదని మూలమును పాఱవేయుట మాత్రము కూడదు. ఫోను చెడినచో నకలు పోవును. నెగటివును ఎండకెత్తి పట్టినచో ఏ యంత్రమును లేకయే ముఖము కనబడును.

ఒక్క మనవి చేసి ఈ వ్యాసమును ముగింతుము. కెమెరా ముఖమును దాచునుగాని పేరును దాచలేదు. పటములో నున్నవారు ఎవరో చెప్పగల తాతగారు, నాయనమ్మగారు మన యిండ్లలో నున్నంతకాలమే ఆ పేర్లు దొరకును. కావున ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు ఇంటిలోని పాతపటములను పెద్దలముందు పెట్టి, ఒక్కొక్కదానిని గుఱించి అడిగి, పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో నొక్కిపెట్టక పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. జిల్లా పేరును కూడ వ్రాయుట మంచిది. కైకలూరు 2022 ఏప్రిల్ 4 వ తేదీ వఱకు కృష్ణాజిల్లాలోను, అప్పటినుండి ఏలూరు జిల్లాలోను చేరియున్నది గనుక, ఆ మాట కూడ రేపటివారికి కాలమును తెలుపు గుర్తగును. పెట్టె అడుగున కెమెరా దొరకినయెడల దానిని గుడ్డతో తుడిచి, పైని చెప్పినట్లు పరీక్షించి, బాగున్నచో ఒక చుట్ట ఎక్కింపుడు. మొదటి చిత్రము ఆ పేర్లు చెప్పిన పెద్దలది కావలెను.